ఇద్దరు తల్లుల నడుమ ఒక బిడ్డ

కుటుంబ వేదిక
ఈ నెల చదువవలసిన వాక్యభాగాలు: 1 రాజులు 3:16–28, 1 సమూయేలు 1:21–28, నిర్గమకాండము 2:1–11



సొలొమోను తీర్పు మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిన కథే. ఒకే ఇంట్లో కాపురమున్న ఇద్దరు స్త్రీలు. ఒక బిడ్డ రాత్రివేళ చనిపోయాడు, ఒక బిడ్డ బ్రతికి ఉన్నాడు. బ్రతికినవాడు నా కొడుకంటే నా కొడుకని ఇద్దరూ రాజు ఎదుట నిలబడ్డారు. రాజు కత్తి తెప్పించాడు. బిడ్డను చంపవద్దు, ఆమెకే ఇచ్చివేయండని ఎవరి కడుపు తరుక్కుపోయిందో ఆమే తల్లి అని రాజు తేల్చాడు.

ఆ తగవులో ఒకామె అబద్ధమాడింది. అబద్ధం బయటపడగానే తగవు తీరిపోయింది. ఈ కాలంలో దత్తత బిడ్డల విషయమై కోర్టులకెక్కే తగవులు అంత సుళువుగా తీరవు. అక్కడ నిలబడిన ఇద్దరూ చాలాసార్లు నిజమే చెబుతారు. నేను కన్నానని ఒకామె, నేను పెంచానని ఇంకొకామె. రెండూ నిజాలే. నడుమనున్న పసివాడికి మాట రాదు. అట్టి తగవులో కన్నవారి సమ్మతికి ఎంత విలువ ఇవ్వాలి? బిడ్డ మేలు ఎటువైపు ఉందో ఎట్లా తెలుసుకోవాలి? మన సంఘాలలో ఈ ప్రశ్న ఎదురైన కుటుంబాలు తక్కువేమీ కాదు గనుక ఈ నెల దీని గురించి ఆలోచిద్దాం.

కేరళలో పుట్టి ఆంధ్రకు వచ్చిన బిడ్డ

2020 అక్టోబరులో కేరళలో పెండ్లి కాని ఒక యువతికి మగబిడ్డ పుట్టాడు. కొద్ది రోజులకే ఆ బిడ్డ తల్లి చేతిలో నుండి తిరువనంతపురంలోని శిశు సంక్షేమ మండలికి చేరాడు. తన సమ్మతి లేకుండా తన తల్లిదండ్రులే బిడ్డను తీసుకుపోయారని ఆమె అన్నది. ఆమె ఒప్పుకొని సంతకం చేసిన తరువాతే ఇచ్చామని పెద్దలు అన్నారు. బిడ్డ కోసం ఆమె పోలీసుల చుట్టూ, అధికారుల చుట్టూ తిరుగుతుండగానే కాగితాలు ముందుకు నడిచాయి. 2021 ఆగస్టులో ఆ బిడ్డను మన ఆంధ్రకు చెందిన దంపతులకు దత్తతకు ముందు పెంపకానికి అప్పగించారు.

అక్టోబరులో తిరువనంతపురం కుటుంబ న్యాయస్థానం దత్తతను నిలిపివేసింది. నవంబరులో కేరళ నుండి అధికారులు వచ్చి బిడ్డను తీసుకువెళ్లారు. డీఎన్ఏ పరీక్షలో ఆ యువతే తల్లి అని రుజువైంది. నవంబరు 24న కోర్టు బిడ్డను కన్నతల్లికి అప్పగించింది.

ఆ వార్త చదివినవారు కన్నతల్లికి బిడ్డ దొరికాడని సంతోషించారు. సంతోషించవలసినదే. కాని ఆంధ్రలోని ఆ ఇంటిని కూడా ఒకసారి తలచుకోవాలి. ఆ దంపతులు ఎవరి బిడ్డనూ దొంగిలించలేదు. ప్రభుత్వం చూపిన దారిలోనే వెళ్లారు, ప్రభుత్వం ఇచ్చిన బిడ్డనే ఎత్తుకున్నారు. మూడు నెలలు లాలపోసి, జోలపాడి, చివరకు ఖాళీ ఊయల మిగుల్చుకున్నారు. సమ్మతి విషయంలో పైన ఎక్కడో జరిగిన లోపానికి వీరి ఇల్లు మూల్యం చెల్లించింది. కన్నవారి సమ్మతిని ముందే సరిగా చూడడం పెంచేవారికి కూడా ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

రెండున్నర ఏండ్ల ఆలస్యం

ఇటువంటిదే ఇంకొక తగవు 1991లో అమెరికాలో మొదలైంది. బేబీ జెస్సికా కేసు అని దానికి పేరు. అయోవా రాష్ట్రంలో ఒక తల్లి తన పసిపాపను మిషిగన్ దంపతులకు ఇవ్వడానికి సంతకం చేసింది. బిడ్డ పుట్టి 72 గంటలు గడవకముందు తల్లి సమ్మతి తీసుకోకూడదని ఆ రాష్ట్ర చట్టం. ఆమె సంతకం 40 గంటలకే జరిగిపోయింది. పైగా తండ్రి పేరు ఆమె తప్పుగా చెప్పింది. కొన్ని వారాలకే అసలు తండ్రి కోర్టుకు వచ్చి, నేను సమ్మతించలేదు, నా బిడ్డను నాకివ్వండన్నాడు.

అప్పటికి ఆ పాప నెల రోజుల పసికందు. తీర్పులు, అప్పీళ్లు, మళ్లీ తీర్పులు. 1992లో అయోవా సుప్రీంకోర్టు తండ్రి పక్షం వహించింది. వేరొక ఇంట్లో ఎక్కువ సౌకర్యం దొరుకుతుందన్న కారణంతో కన్నవారి హక్కును తీసివేయలేమన్నది. 1993 ఆగస్టులో బిడ్డను కన్నవారికి అప్పగించేసరికి ఆమెకు రెండున్నర ఏండ్లు. అమ్మ అని, నాన్న అని పిలవడం నేర్చుకున్న ఇంటి నుండి, ఏడుస్తున్న బిడ్డను కారులో తీసుకువెళ్లడం దేశమంతా టీవీలో చూసింది.

ఎవరిది న్యాయమన్న వాదన ఎంత చేసినా తరగదు. కాని ఒక సంగతి స్పష్టం. నెల రోజుల వయస్సులో జరగవలసిన నిర్ణయం రెండున్నర ఏండ్లకు జరిగింది. పెద్దలకు రెండేండ్లు ఒక వాయిదాలాంటివి. బిడ్డకు అదే జీవితమంతా. ఎవరు గెలిచినా ఆ ఆలస్యంలో ఓడిపోయేది బిడ్డే.

మన దేశపు చట్టం ఏమంటుంది?

ఈ రెండు గాయాలూ తగలకుండా ఉండడానికే మన బాలల న్యాయ చట్టం, 2015 ఒక పద్ధతి పెట్టింది. పల్లెల్లో ఉన్న మన కుటుంబాలకు ఇది తెలియడం మంచిది.

కన్నవారు తమ శక్తికి మించిన పరిస్థితులవల్ల బిడ్డను వదులుకోదలిస్తే, ఆ బిడ్డను జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. ఆస్పత్రి వరండాలో గాని, మధ్యవర్తి ఇంట్లో గాని, పాస్టరుగారి ఇంట్లో గాని జరిగే అప్పగింతకు చట్టం ముందు విలువ లేదు. సమితివారు వారితో మాట్లాడి, విచారించి, ఇక వేరే దారి లేదని తృప్తి చెందితేనే తమ ఎదుట అప్పగింత పత్రం రాయిస్తారు. భార్యాభర్తల బిడ్డయితే ఇద్దరూ సంతకం చేయాలి. పెండ్లి కాని తల్లి అయితే ఆమె సంతకం ఆమెదే. ఆమె తండ్రిగాని, అన్నగాని, సంఘ పెద్దగాని ఆమె బదులు చేయడానికి లేదు.

సంతకం చేసిన తరువాత కూడా రెండు నెలల గడువు ఉంటుంది. ఆ లోపల తల్లి మనస్సు మారితే వెనక్కి వచ్చి బిడ్డను అడగవచ్చు. గడువు దాటిన తరువాతే సమితి ఆ బిడ్డను దత్తతకు చట్టప్రకారం అర్హుడని ప్రకటిస్తుంది. పొదలలోనో గుడి మెట్లమీదనో దొరికిన బిడ్డయితే, కన్నవారి కోసం ప్రకటన వేసి వెదకి, దొరకకపోతేనే ఆ ప్రకటన వస్తుంది. 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చాక, దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు. ఉత్తర్వు ఇచ్చేముందు మూడు సంగతులు చూడాలి: ఇది బిడ్డ మేలుకేనా, తెలివి వచ్చిన బిడ్డయితే వాని ఇష్టమేమిటి, ఎక్కడైనా డబ్బు చేతులు మారిందా.

ఆ రెండు నెలలు తల్లి కోసం. రెండు నెలల తరువాత తలుపు మూయడం బిడ్డ కోసం. తల్లికి ఆలోచించుకునే వ్యవధి ఉండాలి. బిడ్డకు కూడా ఏదో ఒకనాడు, ఇది నా ఇల్లు, ఇక ఎవరూ నన్ను ఇక్కడినుండి తీసుకుపోరన్న నిశ్చింత ఉండాలి. దత్తత ఉత్తర్వు వచ్చిన తరువాత ఆ బిడ్డ అన్ని విధాలా పెంచినవారి బిడ్డే, ఆస్తిలో కూడా.

పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదని మన సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. అది ఒక క్రైస్తవ దంపతుల తగవులో వచ్చిన తీర్పే కావడం గమనించాలి. 1992లో మన దేశం ఒప్పుకొన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా బిడ్డ మేలునే ముందు పెడుతుంది. బిడ్డలు యెహోవా ఇచ్చిన స్వాస్థ్యమని విశ్వసించే మనకు ఇది కొత్త మాట కాదు. స్వాస్థ్యాన్ని అప్పగించినవానికి లెక్క చెప్పాలి.

కత్తి కింద పలికిన మాట

సొలొమోను కథలో ఒక సంగతిని మనం తరచుగా దాటిపోతాం. బిడ్డను ఆమెకే ఇచ్చివేయండి అని తల్లి రాజు ఎదుట, అందరూ వింటుండగా అన్నది. లోకరీతిగా చూస్తే అది సమ్మతే. నీవే కదా ఇమ్మన్నావని రాజు ఆ బిడ్డను రెండవ స్త్రీకి ఇచ్చి పంపివేయవచ్చు. కాని రాజు అట్లా చేయలేదు. ఆ మాట కత్తిని చూసి వచ్చినదని ఆయనకు తెలుసు. కత్తి కింద పలికిన మాటను ఆయన సమ్మతిగా లెక్కపెట్టలేదు.

ఈనాటి తల్లుల ముందు ఎత్తిన కత్తులు ఏమిటో ఆలోచించండి. ఆస్పత్రి బిల్లు ఒక కత్తి. మూడవసారీ ఆడపిల్లేనా అన్న అత్తగారి మాట ఒక కత్తి. తాగివచ్చే భర్త చేసిన అప్పు ఒక కత్తి. పెండ్లి కాకుండా బిడ్డేమిటన్న వాడకట్టు చూపు అన్నిటికంటే పదునైన కత్తి. 1999లోను, 2001లోను హైదరాబాదులో కొన్ని దత్తత సంస్థల గుట్టు బయటపడినప్పుడు, నల్గొండ వంటి జిల్లాల లంబాడీ తండాలలో పేద తల్లుల దగ్గర ఆడశిశువులను కొద్ది డబ్బుకు తీసుకుని విదేశీ దత్తతలకు పంపారని పత్రికలన్నీ రాశాయి. అక్కడ కూడా కాగితాలమీద తల్లుల వేలిముద్రలు ఉన్నాయి. వేలిముద్ర ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదు.

హన్నాను, యోకెబెదును పక్కపక్కన పెట్టి చూడండి. హన్నా తన కుమారుని పాలు మాన్పించేవరకు తన దగ్గరే ఉంచుకున్నది. భర్తతో మాట్లాడింది, ఆయన ఒప్పుకొన్నాడు. తరువాత తానే షిలోహుకు తీసుకువెళ్లి దేవుని మందిరంలో అప్పగించింది. అది నిండు మనస్సుతో ఇచ్చిన కానుక. యోకెబెదు అట్లా ఇవ్వలేదు. ఫరో ఆజ్ఞకు భయపడి బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టింది. దేవుడు ఆ పెట్టెను కాపాడాడు, ఫరో కుమార్తె మనస్సును కరిగించాడు, మోషేను గొప్పవానిగా చేశాడు. అంతమాత్రాన ఫరో ఆజ్ఞ మంచిదైపోదు. ఒక బిడ్డ తరువాత బాగుపడ్డాడని, మొదట తల్లికి జరిగిన బలవంతాన్ని మనం సమర్థించకూడదు.

ఇక్కడ సంఘంగా మనల్ని మనం పరీక్షించుకోవలసిన విషయమొకటి ఉంది. మన సంఘంలోని పిల్లకు పెండ్లి కాకముందే గర్భం వస్తే పెద్దలం ఏం చేస్తున్నాం? దూరపు ఊరికి పంపి, ప్రసవం కాగానే బిడ్డను ఎవరికో ఇప్పించి, సంఘం సాక్ష్యం చెడకుండా కాపాడామని అనుకుంటున్నాం. ఆ పిల్లను ఎవరైనా అడిగారా? బిడ్డను ఉంచుకోదలిస్తే సంఘం నీకు తోడుంటుందని ఒక్కరైనా చెప్పారా? 2015లో సుప్రీంకోర్టు ఒక క్రైస్తవ అవివాహిత తల్లి విషయంలోనే, బిడ్డకు సంరక్షకురాలిగా నిలవడానికి ఆమె తండ్రి పేరు బయటపెట్టనక్కరలేదని, అతనికి నోటీసు ఇవ్వనక్కరలేదని తీర్పు చెప్పింది. కోర్టు అట్టి తల్లికి బిడ్డతో నిలబడే చోటు ఇచ్చినప్పుడు సంఘం ఇవ్వకపోవడం న్యాయమా?

ఆమె తానుగా ఆలోచించుకుని, బిడ్డకు వేరొక ఇల్లే మేలని నిర్ణయించుకుంటే అది కూడా ప్రేమే. అట్టి తల్లిని కసాయిదని అనడానికి మనకు హక్కు లేదు. నిర్ణయం మాత్రం ఆమెదై ఉండాలి.

అక్కాచెల్లెళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం

మన పల్లెల్లో ఎక్కువ తగవులు చుట్టాల మధ్యనే వస్తాయి. అక్కకు సంతానం లేదు, చెల్లెలికి ముగ్గురు. పుట్టబోయే బిడ్డను అక్కకు ఇద్దామని తల్లి కడుపులో ఉండగానే పెద్దలు మాట ఇచ్చేస్తారు. బిడ్డ పుట్టగానే ఇచ్చేస్తారు. మహా అయితే ఒక స్టాంపు కాగితం. ఏడెనిమిదేండ్లు బాగానే జరుగుతుంది. తరువాత అక్కకు సొంత బిడ్డ పుట్టవచ్చు, పొలం పంపకం రావచ్చు, లేక ఇద్దరి మధ్య మాట మాట పెరగవచ్చు. నా బిడ్డను నాకిచ్చేయమని చెల్లెలు, ఇన్నాళ్ల పెంపకం ఖర్చు కట్టమని బావ. మధ్యలో మూడో తరగతి చదువుతున్న బిడ్డ ఎవరిని అమ్మ అనాలో తెలియక నిలబడుతుంది.

ఇది రాకుండా ఉండాలంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, బిడ్డ పుట్టకముందు ఇచ్చిన మాట మాట కాదు. తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తరువాతే అడగాలి. బాలింత దశ గడిచి, ఆమె ఒళ్లూ మనస్సూ కుదుటపడిన తరువాత అడగడం ఇంకా మంచిది.

రెండు, హిందూ దత్తత చట్టం, 1956 క్రైస్తవులకు వర్తించదు. పూర్వం మనవారికి సంరక్షకుల చట్టం, 1890 ఒక్కటే దారి. దానివల్ల సంరక్షకులు అవుతారే గాని తల్లిదండ్రులు కారు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఏ మతంవారైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని, మేనత్త, మేనమామ, తాత, నాయనమ్మ, అమ్మమ్మ కూడా ఇదే చట్టం కింద చుట్టాల బిడ్డను దత్తత తీసుకోవచ్చు. కేంద్ర దత్తత సంస్థ అయిన కారా వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. చేతకాకపోతే జిల్లా బాలల పరిరక్షణ కార్యాలయంలో అడిగితే సాయం చేస్తారు.

మూడు, ఆస్పత్రి ఆయా, నర్సు, ఏజెంటు ద్వారా బిడ్డ దొరుకుతుందంటే నమ్మవద్దు. పద్ధతి తప్పి దత్తతకు బిడ్డను ఇచ్చినా, తీసుకున్నా మూడేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బిడ్డను కొన్నా అమ్మినా ఐదేండ్ల వరకు కఠిన శిక్ష, లక్ష జరిమానా. ఆస్పత్రివారే ఆ పని చేస్తే శిక్ష మూడేండ్లకు తక్కువ ఉండదు, ఏడేండ్ల వరకు వెళుతుంది. శిక్ష సంగతి అలా ఉంచినా, అట్లా తెచ్చుకున్న బిడ్డ ఏనాడైనా చేజారిపోవచ్చు.

నాలుగు, ఇప్పటికే కాగితం లేకుండా బిడ్డను పెంచుతున్నవారు భయపడి దాచవద్దు, ఆలస్యమూ చేయవద్దు. ఇరుపక్షాల మధ్య సఖ్యత ఉండగానే న్యాయవాదినో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థనో కలవండి. అక్కడ పేదలకు, స్త్రీలకు ఉచితంగా సలహా దొరుకుతుంది. తగవు వచ్చిన తరువాత వెళ్లేకంటే మంచిగా ఉన్నప్పుడు వెళ్లడం మేలు.

ఐదు, బీదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను వేరుచేయడం ఆఖరి మాటగా ఉండాలి. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం విధవరాలి బిడ్డలు, తండ్రి వదిలేసిన బిడ్డలు వంటివారికి ఇంటివద్దనే ఉండి పెరగడానికి నెలకు 4,000 రూపాయల సాయం ఏర్పాటు ఉంది. స్త్రీల సమాజంవారు అట్టి తల్లిని ఆ కార్యాలయానికి తోడ్కొనివెళితే అదే గొప్ప పరిచర్య. ఆపదలో ఉన్న బిడ్డ విషయమై ఫోను చేయవలసిన నంబరు 1098.

బిడ్డకు నిజం చెప్పండి

పెంచుతున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. బిడ్డకు చిన్ననాటినుండే నిజం చెప్పండి. కొట్లాటలో పక్కింటివారి నోట వినేకంటే మీ ఒడిలో కూర్చుని వినడం మంచిది. మోషే ఫరో కుమార్తె ఇంట పెరిగినా తనవారెవరో ఎరిగే పెరిగాడు. హదస్సాను పెంచుకున్న మొర్దెకై ఆమె వంశాన్ని ఆమెకు దాచలేదు, ఆమె అంతఃపురానికి వెళ్లిన తరువాత కూడా ఆమె క్షేమం తెలుసుకోవడానికి ప్రతిదినం ఆవరణం దగ్గర తిరిగాడు. నిజం తెలిసిన బిడ్డ మిమ్మల్ని విడిచిపోదు. దాచారని తెలిసిన బిడ్డే మనస్సులో దూరమవుతుంది. కన్నతల్లిని గురించి చెడ్డగా ఎన్నడూ మాట్లాడవద్దు. ఆమెను తిట్టిన ప్రతి మాట బిడ్డకు తన పుట్టుకను తిట్టినట్టే వినబడుతుంది.

తగవు తీర్చడానికి కూర్చునే సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. ఎవరిది ఎక్కువ హక్కు అని మొదలుపెట్టవద్దు. ముందు తల్లిని ఒంటరిగా, ఆమె ఇంటివారు లేకుండా, ఒక స్త్రీ చేత అడిగించండి: నీ ఇష్టంతోనే ఇచ్చావా? తరువాత బిడ్డను గురించి అడగండి: ఈ బిడ్డ రాత్రి భయపడితే ఎవరిని పిలుస్తాడు? బిడ్డకు తెలివి వస్తే వానినీ అడగండి, కాని ఇద్దరి ఎదుట నిలబెట్టి ఎవరు కావాలని మాత్రం అడగవద్దు. అది కూడా ఒక కత్తే. ఆ పైన పంచాయతీతో ముగించక అధికారుల దగ్గరకు పంపండి. ఇల్లు మారక తప్పకపోతే ఒక్కరోజులో లాగివేయక, మెల్లగా, రాకపోకలతో మార్చమని అడగండి. ఓడిన ఇంటికి కూడా వెళ్లి ప్రార్థన చేయండి, వారు కూడా బిడ్డను పోగొట్టుకున్నవారే.

రాబోయే ఆదివారం మీ సంఘంలో బిడ్డలు లేని దంపతుల కోసం ప్రార్థించేటప్పుడు, బిడ్డను కని పెంచుకోలేక కన్నీరు కారుస్తున్న తల్లి కోసం కూడా ప్రార్థించండి. ఆమె బహుశా వెనుక వరుసలోనే కూర్చుని ఉంటుంది.

ప్రభువు మీ గృహములను, మీ ఒడిలోని బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.